పిల్లి ఒంటి రంగు, చారలు, మచ్చలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంటి పిల్లుల రంగుల గురించి హైదరాబాదు పాఠకులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ 'ఇది ఏ జాతి పిల్లి?' అన్న ప్రశ్న ఏదో ఒక రూపంలో ఉంది. మన వీధుల్లోను, అపార్టుమెంట్ల సెల్లార్లలోను పుట్టి పెరిగే పిల్లులలో అత్యధికం ఏ ప్రత్యేక జాతికీ చెందని దేశవాళీ పిల్లులే. ఆవులను మన రైతులు కర్రి, పుల్ల, మైల, బొల్లి అని రంగును బట్టి పిలుస్తారు కాని ఆ రంగునే జాతిగా లెక్కించరు. పిల్లుల విషయంలోనూ అదే సరైన పద్ధతి. ఒంటి మీద ఉన్నది నలుపు వర్ణకమా (వర్ణకం అంటే రంగునిచ్చే పదార్థం), నారింజ వర్ణకమా అన్నది ముందు చూడాలి. తరువాత ఆ రంగు చారలుగా విడిపోయిందా, ఒకే తీరుగా ఉందా అన్నది చూడాలి. చివరగా తెలుపు ఎంత మేర పరుచుకుందో చూడాలి. ఈ వరుస తప్పకుండా చూసినవారికి ఏ పిల్లి రంగైనా చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: మా పెరట్లోకి రోజూ వచ్చే పిల్లికి బూడిద, గోధుమ రంగులు కలిసిన ఒంటి మీద సన్నని నల్ల చారలు ఉన్నాయి. నుదుటి మీద ఇంగ్లీషు 'ఎమ్' అక్షరం లాంటి గుర్తు ఉంది. పెట్ షాపు వారు ఫొటో చూసి 'ట్యాబీ జాతి' అన్నారు. పక్కింటివారు 'బెంగాల్ పిల్లి' అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
(ఒక పాఠకురాలు, సైనిక్‌పురి)

జవాబు: ట్యాబీ అన్నది జాతి పేరు కాదు, చారల తీరుకు ఉన్న పేరు. మీ పిల్లి ట్యాబీయే, అయితే దాని వలన దానికి ఒక జాతి ఏర్పడదు.

మీ పిల్లి దగ్గరకు రానిస్తే వీపు మీది లేత భాగం నుంచి రాలిన ఒక వెంట్రుకను తెల్ల కాగితం మీద పెట్టి వెలుతురులో చూడండి. ఒకే వెంట్రుక మీద నలుపు, పసుపు పట్టీలు ఒకదాని తరువాత ఒకటి కనిపిస్తాయి. అగూటి అనే జన్యువు ప్రభావం వలన వెంట్రుక పెరుగుతున్నంత కాలం వర్ణకం ఇలా మారుతూ వస్తుంది. చారలు ఉన్నచోట మాత్రం నలుపు వర్ణకమే నిండుగా చేరుతుంది. ఆ రెండింటి తేడాయే మన కంటికి చారలుగా కనిపిస్తుంది. నుదుటి మీది 'ఎమ్' గుర్తు, కళ్ళ చివరల నుంచి చెంపల మీదికి సాగే గీతలు, కాళ్ళ మీద కడియాల వంటి అడ్డపట్టీలు, తోక మీది వలయాలు సాధారణంగా ట్యాబీ పిల్లులన్నింటిలోనూ ఉంటాయి.

ట్యాబీలో నాలుగు ముఖ్యమైన తీరులు ఉన్నాయి. వెన్ను నుంచి పొట్ట వైపు సన్నగా, నిలువుగా దిగే చారలు మీ పిల్లికి ఉన్నవి. వీటిని మ్యాకరెల్ ట్యాబీ అంటారు. ఇవే చారలు తెగిపోయి చుక్కలుగా కనిపిస్తే అది స్పాటెడ్ ట్యాబీ. పక్కల మీద వెడల్పాటి సుడులు తిరిగి, భుజాల మీద సీతాకోకచిలుక రెక్కల ఆకారం ఏర్పడితే అది క్లాసిక్ ట్యాబీ. నాలుగవదైన టిక్డ్ ట్యాబీలో ఒంటి మీద చారలే కనిపించవు, ఒళ్ళంతా ఇసుక చల్లినట్టు ఒకే తీరుగా ఉంటుంది; ముఖం మీద, కాళ్ళ మీద, తోక మీద మిగిలిన గీతలను బట్టి మాత్రమే దానిని గుర్తుపట్టగలం. 'చారలు లేని బూడిద పిల్లి' అని మాకు రాసినవారిలో కొందరి పిల్లులు నిజానికి ఈ టిక్డ్ రకానికి చెందినవి.

సన్నని చారలు సుడులుగా మారడానికి కారణమైన జన్యువును 2012లో గుర్తించారు. దాని పేరు ట్యాక్‌పెప్. ఆఫ్రికాలో అరుదుగా కనిపించే 'కింగ్ చీతా' ఒంటి మీద చుక్కలు కలిసిపోయి వెడల్పాటి పట్టీలుగా కనిపించడానికి కూడా ఇదే జన్యువులోని మార్పు కారణమని అదే పరిశోధన తేల్చింది. ఇంటి పిల్లికి, చీతాకు ఒంటి మీది గీతలను గీసే పనిముట్టు ఒకటేనన్న సంగతి ఈ రంగంలో మాకు ఎంతో ఇష్టమైన విషయం. పురాతన పిల్లుల ఎముకల నుంచి తీసిన డీఎన్ఏను పరిశీలించి 2017లో ప్రచురించిన మరొక అధ్యయనం, సుడుల తీరు మధ్యయుగాలలో మాత్రమే కనిపించడం మొదలైందని చూపింది. అంతకు ముందు మనుషుల దగ్గర తిరిగిన పిల్లులకు ఉన్నవి, వాటి అడవి పూర్వీకుల వలె, మ్యాకరెల్ చారలే. మీ పెరటి పిల్లి చారలు అంత పాతవి.

ఇక బెంగాల్ పిల్లి విషయం. లెపర్డ్ క్యాట్ అనే చిన్న అడవిపిల్లిని ఇంటి పిల్లితో సంకరం చేసి అమెరికాలో రూపొందించిన జాతి అది. దాని ఒంటి మీది మచ్చలు చాలావరకు నడుమ ఒక రంగు, అంచున మరొక రంగుతో పువ్వుల వలె ఉంటాయి. వంశావళి పత్రాలు లేకుండా, చుక్కలు ఉన్నాయన్న ఒక్క కారణంతో ఏ పిల్లినీ బెంగాల్ అనడానికి వీలులేదు.

ప్రశ్న: మా నల్ల పిల్లి వేసవిలో వీపు మీద ఎర్రబారుతోంది. కిటికీ దగ్గర ఎండలో పడుకున్నప్పుడు ఒంటి మీద చారలు కూడా కనిపిస్తున్నాయి. ఇది అసలు నల్ల పిల్లేనా, లేక ఏదైనా జబ్బా?
(ఒక పాఠకుడు, చిక్కడపల్లి)

జవాబు: అసలైన నల్ల పిల్లే. నల్ల పిల్లి ఒంటిలో కూడా చారల జన్యువులు ఉంటాయి. అగూటి జన్యువు పనిచేయనందువలన వెంట్రుకల మధ్య లేత పట్టీలు ఏర్పడక, చారలు నలుపులో కలిసిపోతాయి. గట్టి ఎండ పక్క నుంచి పడినప్పుడు అవి లీలగా బయటపడతాయి. పిల్ల వయసులో ఇవి మరింత స్పష్టంగా ఉంటాయి.

ఎర్రబారడానికి సాధారణ కారణం ఎండ. నలుపు వర్ణకం ఎండకు వెలిసి తుప్పు రంగులోకి మారుతుంది, కొత్త బొచ్చు వచ్చినప్పుడు మళ్ళీ నల్లబడుతుంది. అయితే ఎండ తగలని పొట్ట, తొడల లోపలి భాగం కూడా ఎర్రబారితే తిండిని ఒకసారి పరిశీలించండి. నలుపు వర్ణకం తయారు కావడానికి టైరోసిన్ అనే అమైనో ఆమ్లం కావాలి. అది, దానికి మూలమైన ఫినైలలనిన్ తగినంత అందని నల్ల పిల్లుల బొచ్చు ఎర్రటి గోధుమ రంగుకు మారుతుందని పరిశోధనలలో రుజువైంది. పెరుగన్నం, పాలన్నం మీద మాత్రమే పెరిగే పిల్లులు మన ఇళ్ళలో చాలా ఉన్నాయి. పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు, దానికి మాంసం, చేప, గుడ్డు లేదా పిల్లుల కోసమే తయారుచేసిన సంపూర్ణ ఆహారం అవసరం. ఇంట్లో మాంసం వండని వారు ఈ చివరి మార్గాన్ని తప్పక ఎంచుకోవాలి.

వెంట్రుక మొదలు తెల్లగా, కొస మాత్రం నల్లగా ఉంటే అది వేరే రకం, దానిని స్మోక్ అంటారు. బొచ్చును వేళ్ళతో పాయ తీసి చూస్తే వెంటనే తెలుస్తుంది.

నల్ల పిల్లి ఎదురైతే కీడు అన్న భయంతో ఆ పిల్లలను పెంచుకోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదని మీరు ఉత్తరం చివర రాశారు. అగూటి జన్యువులో రెండే రెండు డీఎన్ఏ అక్షరాలు లోపించడం వలన పిల్లి నల్లగా పుడుతుంది. ఆ నలుపుకు మరే అర్థమూ లేదు. మీరు చేరదీసిన పిల్లను దగ్గర ఉంచుకున్నందుకు మా కృతజ్ఞతలు.

ప్రశ్న: తెలుపు, నలుపు, నారింజ మూడు రంగులూ ఉన్న మగ పిల్లి పిల్ల ఉందని, అది అదృష్టం తెస్తుందని, చాలా అరుదని చెప్పి ఒక అమ్మకందారు మామూలు ధరకు నాలుగింతలు అడుగుతున్నారు. మూడు రంగుల పిల్లులలో మగవి నిజంగా ఉండవా? ఉంటే ఆ ధర పెట్టవచ్చా?
(ఒక పాఠకుడు, మలక్‌పేట)

జవాబు: మూడు రంగుల మగ పిల్లి అరుదన్న మాట నిజం. ఆ ధర పెట్టవద్దన్నది మా సలహా. కారణాలు వివరంగా చెబుతాము.

పిల్లికి 19 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది: ఆడ పిల్లికి రెండు ఎక్స్ క్రోమోజోములు, మగ పిల్లికి ఒక ఎక్స్, ఒక వై. నలుపును నారింజగా మార్చే జన్యుమార్పు ఈ ఎక్స్ క్రోమోజోము మీదే ఉంటుంది. మగ పిల్లికి ఉన్నది ఒకే ఎక్స్ కాబట్టి అది నారింజ అయినా కావాలి, నలుపు అయినా కావాలి. రెండూ కలిసి రావు. ఆడ పిల్లికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఒక ఎక్స్ మీద నారింజ, మరొక దాని మీద నలుపు ఉండే అవకాశం ఉంది.

అయితే రెండు రంగులూ కలిసిపోకుండా వేర్వేరు మచ్చలుగా ఎందుకు కనిపిస్తాయి? ఆడ పిల్లి ఇంకా పిండంగా ఉన్నప్పుడే దాని ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి పనిచేయడం మానేస్తుంది. ఏ కణంలో ఏది ఆగుతుందన్నది యాదృచ్ఛికం. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ అదే ఎంపికను కొనసాగిస్తాయి కాబట్టి ఒకచోట నారింజ, పక్కనే నలుపు ఏర్పడతాయి. ఈ సూత్రాన్ని 1961లో ప్రతిపాదించినవారు బ్రిటిష్ శాస్త్రవేత్త మేరీ లయన్. అంతకు ముందు 1949లో ముర్రే బార్, ఇవార్ట్ బెర్ట్రామ్ అనే ఇద్దరు కెనడాలో పిల్లుల నాడీకణాలను పరిశీలిస్తూ, ఆడ పిల్లుల కణాలలో మాత్రమే కనిపించే ఒక చిన్న చుక్కను గుర్తించారు. పనిచేయడం మానిన ఎక్స్ క్రోమోజోమే ఆ చుక్క అని తరువాత తెలిసింది. మనుషులలో స్త్రీల ఒంటిలోనూ జరిగే ఈ ప్రక్రియను కంటితో చూడదలచినవారికి వీధిలోని మూడు రంగుల పిల్లి కంటే మంచి ఉదాహరణ లేదు.

మూడవ రంగైన తెలుపు వేరే జన్యువు నుంచి వస్తుంది. తెలుపు లేకుండా నలుపు, నారింజ కలగలిసిపోయి ఉంటే టార్టాయిజ్‌షెల్ అంటారు, తెలుపు ఎక్కువగా ఉంటే క్యాలికో అంటారు. తెలుపు పెరిగిన కొద్దీ మిగిలిన రెండు రంగులు చిందరవందరగా కాక పెద్ద పెద్ద మచ్చలుగా విడిపడటం గమనించండి. వర్ణకాన్ని తయారుచేసే కణాలు పిండదశలో తక్కువ సంఖ్యలో ఉండి, ఒక్కొక్కటి ఎక్కువ మేర వ్యాపించడం దీనికి కారణం.

నారింజ రంగుకు మూలమైన మార్పు కచ్చితంగా ఎక్కడ ఉందన్నది చాలాకాలం తేలలేదు. జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయం, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేర్వేరుగా పనిచేసి, ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువుకు దగ్గరలో సుమారు 5,100 డీఎన్ఏ అక్షరాల ముక్క లోపించడమే కారణమని 2025లో ప్రచురించారు.

ఇప్పుడు మగ పిల్లి సంగతి. మూడు రంగుల పిల్లులలో సుమారు 3,000కు ఒకటి మగది అన్నది తరచుగా ఉదహరించే అంచనా. అలాంటి పిల్లికి సాధారణంగా రెండు ఎక్స్‌లు, ఒక వై కలిపి మూడు లింగ క్రోమోజోములు ఉంటాయి. దాదాపు ఎప్పుడూ దానికి సంతానం కలగదు. కాబట్టి పిల్లలను పుట్టించి అమ్ముకోవచ్చన్న ఆశతో కొనేవారికి నష్టమే మిగులుతుంది. అంతకంటే ముందు అది నిజంగా మగదేనా అన్నది చూడాలి. తోక ఎత్తి చూస్తే మగ పిల్లలో రెండు రంధ్రాల మధ్య దూరం ఎక్కువగా ఉండి, రెండూ గుండ్రని చుక్కల వలె ఉంటాయి. ఆడ పిల్లలో అవి దగ్గరగా ఉండి, కింది రంధ్రం నిలువు గీత వలె ఉంటుంది. కొన్ని వారాల వయసులో అనుభవం ఉన్నవారు కూడా పొరబడతారు కాబట్టి పశువైద్యుని చేత చూపించండి. నల్ల మచ్చలను తడి దూదితో రుద్ది చూడటం కూడా మంచిదే, రంగు పూసి అమ్మే మోసం జంతువుల వ్యాపారంలో కొత్తది కాదు. 'పంచ్ ఫేస్', 'డాల్ ఫేస్', 'ట్రిపుల్ కోట్' అనే మాటలతో ధర పెంచినప్పుడు కూడా ఇంత జాగ్రత్త అవసరం; అవి ముఖం ఆకారానికి, బొచ్చు ఒత్తుకు వ్యాపారులు పెట్టుకున్న పేర్లు. వాటికి రంగుతో సంబంధం లేదు.

క్యాలికో పిల్లి మచ్చలను ఎవరూ ముందుగా నిర్ణయించలేరు. 2001 డిసెంబరు 22న అమెరికాలోని టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ప్రపంచంలోని మొదటి క్లోన్ పిల్లి, అంటే మరొక పిల్లి కణం నుంచి దాని జన్యువులతోనే పుట్టించిన నకలు, పుట్టింది. క్యాలికో పిల్లి కణం నుంచే పుట్టినా దాని ఒంటి మీద నారింజ రంగు లేనే లేదు.

ప్రశ్న: మా నారింజ రంగు పిల్లికి చారలు లేవని అనుకుంటున్నాము. ఈ మధ్య ముక్కు మీద, పెదవుల మీద నల్ల చుక్కలు వస్తున్నాయి. ఇది అంటువ్యాధా?
(ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: నారింజ పిల్లులన్నింటికీ ఎంతో కొంత చారలు ఉంటాయి. నల్ల పిల్లిలో చారలను కప్పివేసే జన్యుమార్పు నారింజ వర్ణకం మీద పనిచేయదు. నుదురు, తోక చూడండి. ఆ చుక్కలను లెంటిగో అంటారు. చర్మంతో సమంగా, నొప్పి, దురద లేకుండా ఉంటే వాటి వలన హాని లేదు. ఉబ్బెత్తుగా మారినా, పుండు పడినా వైద్యునికి చూపించాలి.

ప్రశ్న: మా తెల్ల పిల్లికి ఒక కన్ను నీలం, ఒక కన్ను పసుపు. పిలిస్తే ఒక్కోసారి పలకదు. తెల్ల పిల్లులు చెవిటివి అంటారు, నిజమేనా?
(ఒక పాఠకురాలు, మెహిదీపట్నం)

జవాబు: అన్ని తెల్ల పిల్లులూ కావు, కాని మీ సందేహం సమంజసమైనది. ఒళ్ళంతా తెల్లగా ఉన్న పిల్లికి తెలుపు అసలు రంగు కాదు. లోపల నలుపో, నారింజో, చారలో ఏదో ఒకటి ఉంటుంది. కిట్ అనే జన్యువులోని మార్పు వలన వర్ణకాన్ని తయారుచేసే కణాలు చర్మానికి చేరకపోవడం వలన అది బయటపడదు. కొన్ని తెల్ల పిల్లలకు నడినెత్తి మీద లేత మచ్చ ఉండి, పెద్దయ్యాక పోతుంది. లోపలి రంగుకు అదే ఆనవాలు. ఆ కణాలు లోపలి చెవికి కూడా అవసరం. అక్కడ లేకపోతే పుట్టిన కొద్ది వారాలలోనే వినికిడి నశిస్తుంది.

కళ్ళు రెండూ నీలంగా ఉన్న తెల్ల పిల్లులలో 65 నుంచి 85 శాతం, ఒక కన్ను నీలంగా ఉన్నవాటిలో సుమారు 40 శాతం, నీలి కళ్ళు లేనివాటిలో 17 నుంచి 22 శాతం పుట్టు చెవుడుతో ఉంటాయని కార్నెల్ విశ్వవిద్యాలయ పశువైద్యులు చెబుతారు. ఒక కన్నే నీలంగా ఉన్నప్పుడు చెవుడు తరచుగా ఆ వైపు చెవికే పరిమితమవుతుంది. మీ పిల్లి ఒక్కోసారి పలకకపోవడానికి అదే కారణం కావచ్చు. ఒక చెవితో విన్నా శబ్దం ఏ దిక్కు నుంచి వస్తున్నదో దానికి తెలియదు కాబట్టి వాహనాలు తిరిగే వీధిలోకి వదలకండి. ఇంట్లో పరీక్షించేటప్పుడు కంటికి కనిపించకుండా, నేల అదరకుండా, దూరం నుంచి తాళంచెవులు కదిలించి చెవులు తిరుగుతున్నాయేమో చూడండి. పిల్లి పిల్లలన్నింటికీ మొదట కళ్ళు నీలంగానే ఉంటాయి కాబట్టి నెలన్నర దాటక ముందు కంటి రంగును బట్టి నిర్ణయానికి రావద్దు.

మన ఊరి ఎండలో తెల్ల పిల్లికి మరొక ప్రమాదం ఉంది. చెవి కొసల మీద, ముక్కు మీద వర్ణకం లేని చర్మం ఏళ్ళ తరబడి ఎండకు కమిలితే క్యాన్సర్ రావచ్చు. మార్చి నుంచి జూన్ వరకు పగటి ఎండలో మేడ మీదికి పోనివ్వకండి. మనుషులు వాడే సన్‌స్క్రీన్ పూయవద్దు. జింక్ ఆక్సైడు, శాలిసిలేట్లు ఉన్న క్రీములను నాకితే పిల్లికి విషమవుతాయి. చెవి కొస మీద మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకండి.

ప్రశ్న: మా పిల్లి తెల్లగా పుట్టి, క్రమంగా ముఖం, చెవులు, కాళ్ళు, తోక నల్లబడింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం పక్కన బొచ్చు గీసిన చోట ఇప్పుడు ముదురు రంగు బొచ్చు వస్తోంది. కుట్లలో ఏదైనా లోపమా?
(ఒక పాఠకుడు, కొంపల్లి)

జవాబు: లోపం లేదు. మీది సయామీ పిల్లులలో ఉండే రంగు తీరు, దీనిని కలర్‌పాయింట్ అంటారు. వర్ణకాన్ని తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైము ఈ పిల్లులలో చల్లని చోట మాత్రమే సరిగా పనిచేస్తుంది. తల్లి కడుపులో ఒళ్ళంతా వెచ్చగా ఉంటుంది కాబట్టి పిల్ల తెల్లగా పుడుతుంది. తరువాత చల్లగా ఉండే ఒంటి కొసలు ముదురు రంగుకు మారతాయి. బొచ్చు గీసిన చోట చర్మం చల్లబడటంతో అక్కడ ముదురు రంగు వచ్చింది. తరువాతి సారి బొచ్చు రాలి కొత్తది వచ్చినప్పుడు మామూలు రంగు తిరిగి వస్తుంది.

ప్రశ్న: నల్ల తల్లి, నల్ల తండ్రికి బూడిద రంగు పిల్ల ఎలా పుట్టింది? దీనిని రష్యన్ బ్లూ అనవచ్చా?
(ఒక పాఠకుడు, ఉప్పల్)

జవాబు: నలుపును బూడిదగా, నారింజను లేత మీగడ రంగుగా పలచబరిచే జన్యుమార్పు తల్లిదండ్రులు ఇద్దరిలోనూ దాగి ఉంటే అలాంటి పిల్ల పుడుతుంది. రష్యన్ బ్లూ అన్నది ఒక జాతి పేరు, బూడిద రంగును మాత్రమే చూసి ఆ పేరు పెట్టవద్దు.

ప్రశ్న: మా పిల్లి తప్పిపోయింది. ప్రకటనలో 'బ్రౌన్ కలర్ పిల్లి' అని రాస్తే రోజూ వేరే పిల్లుల గురించి ఫోన్లు వస్తున్నాయి. రంగును ఎలా వర్ణించాలి?
(ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మీరు పంపిన ఫొటోను బట్టి ఈ విధంగా రాయండి: 'గోధుమ, బూడిద కలిసిన ఒంటి మీద సన్నని నల్ల చారలు, గడ్డం, రొమ్ము, ముందరి రెండు పాదాలు తెలుపు, తోక కొస నలుపు, ఆకుపచ్చ కళ్ళు, పొట్టి బొచ్చు, ఆడ పిల్లి.' తెలుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తప్పక రాయాలి. ఒకే ఈతలో పుట్టిన రెండు చారల పిల్లులకు కూడా తెలుపు సరిగ్గా ఒకే చోట ఉండదు. జాతి పేరు రాయకండి, చూసేవారిలో చాలామందికి దాని వలన ఏమీ తెలియదు. చారలు కుడి పక్కన ఒక రకంగా, ఎడమ పక్కన మరొక రకంగా ఉంటాయి కాబట్టి రెండు వైపుల ఫొటోలూ వేయండి. రాత్రి ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో నారింజ, గోధుమ రంగులు మారిపోతాయి కాబట్టి పగటి వెలుతురులో తీసినదే ఎంచుకోండి. ఎడమ వెనక పాదం కింద ఒకే ఒక గులాబీ రంగు మెత్త ఉందని ఉత్తరంలో రాశారు. ఆ గుర్తును ప్రకటనలో వేయకుండా మీ దగ్గరే ఉంచుకొని, పిల్లి దొరికిందని ఫోన్ చేసినవారిని అడగండి.